తెలిసిన తప్పుల సంచి: ఈ-డిస్కవరీలో నా చదువు

అమెరికాలో ఒక కంపెనీ మీద సివిల్ దావా పడితే, విచారణ మొదలుకాకముందే ఇరుపక్షాలూ కేసుకు సంబంధించిన పత్రాలను ఒకరికొకరు అప్పగించుకోవాలి. దాన్ని డిస్కవరీ అంటారు. ఆ పత్రాలు ఈమెయిళ్లు, ఎక్సెల్ షీట్లు, చాట్ సందేశాలు అయితే అది ఈ-డిస్కవరీ. లక్షల ఫైళ్లను తెరిచి, వడకట్టి, చదివి, ప్రతి పేజీకీ నంబరు వేసి పంపే ఈ పని మన హైదరాబాదులో, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూడా ఏళ్లుగా జరుగుతోంది.

నేను 2008లో ఎల్ఎల్‌బీ పట్టాతో, పత్రాలు చదివి వర్గీకరించే రివ్యూయర్‌గా చేరాను. అప్పట్లో మా స్క్రీన్ల మీద పత్రాలు చదివే సాఫ్ట్‌వేరు కాన్‌కార్డెన్స్ ఉండేది. తర్వాత రిలేటివిటీ వచ్చింది, సర్వర్లు క్లౌడ్‌కి వెళ్లాయి, కంప్యూటరే పత్రాలకు ర్యాంకు ఇచ్చే పద్ధతి వచ్చింది, ఇప్పుడు ఏఐ వచ్చింది. వచ్చిన ప్రతి టూల్ మీదా శిక్షణ తీసుకున్నాను, పరీక్షలు రాశాను. వాటన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది ఒక ఫోల్డరు. దాన్ని తప్పుల సంచి అని పిలుచుకుంటాను. అందులో ఒక్కో ఫైలుకి ఒక్కో తప్పు ఉంటుంది, ఆ తప్పేమిటో నాకు ముందే తెలుసు. పన్నెండు ఫైళ్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు 214 ఉన్నాయి. కొత్త టూల్ వచ్చినా, పాత టూల్‌కి కొత్త వెర్షన్ వచ్చినా ముందు ఈ సంచిని అందులో పోసి చూస్తాను.

దీన్ని ఎవరైనా ఒక ఆదివారం కూర్చుని మొదలుపెట్టవచ్చు. పాస్‌వర్డు పెట్టిన జిప్ ఒకటి. దాచిన షీటు ఉన్న ఎక్సెల్ ఒకటి. ఈమెయిల్లో అటాచ్‌మెంటుగా ఇంకో ఈమెయిలు, దానిలో మరొకటి. సున్నా బైట్ల ఫైలు. ఎక్స్‌టెన్షన్ మార్చేసిన పీడీఎఫ్. తెలుగులో పేరు పెట్టిన వర్డ్ ఫైలు. పక్కనే ఒక షీటులో ఒక్కో ఫైలుకి ఒక వరుస: ఫైలు పేరు, దాని హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్రలాంటి అంకెలు, అక్షరాల వరుస), అందులోని తప్పు, టూల్ సరిగా పనిచేస్తే ఏం జరగాలి. ఈ చివరి గడిని టూల్ నడపకముందే నింపాలి. ఫలితం చూశాక నింపితే, వచ్చిందే సరైనదని మనసు సర్దుకుపోతుంది. క్లయింటు డేటా మాత్రం ఒక్క బైటు కూడా అందులోకి రాకూడదు, ఉద్యోగంతో పాటు పేరు కూడా పోతుంది. మామూలు ఈమెయిళ్లు ఎక్కువ సంఖ్యలో కావాలంటే, అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ 2003లో బయటపెట్టిన ఎన్రాన్ అనే కంపెనీ ఈమెయిళ్లు ఉన్నాయి.

సంచిలోకి మొదట చేరినవి లోడ్ ఫైళ్లు. ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి పత్రాలు వెళ్లేటప్పుడు వాటితో పాటు పత్రాల వివరాలున్న ఒక డాట్ ఫైలు, పేజీ బొమ్మల జాబితా ఉన్న ఒక ఆప్ట్ ఫైలు వెళ్తాయి. చాలామంది వీటిని టూల్‌కి అందించి వదిలేస్తారు. ఒకసారి నోట్‌ప్యాడ్‌లాంటి ఎడిటర్‌లో తెరిచి చూడండి. డాట్ ఫైల్లో మొదటి వరుస ఫీల్డు పేర్లు. ప్రతి విలువకీ రెండు వైపులా థార్న్ అనే పాత ఐరోపా అక్షరం ఉంటుంది, దాని నంబరు 254. విలువల మధ్య 20వ నంబరు కంట్రోల్ క్యారెక్టరు. విలువ లోపల లైను విరిగిన చోట 174వ నంబరు, అంటే రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కు గుర్తు. కామాతో విడగొడితే సబ్జెక్టులో కామా ఉన్న ప్రతిచోటా వరుస చిట్లిపోతుంది కాబట్టి, మామూలు ఉత్తరాల్లో కనపడని అక్షరాలను ఎంచుకున్నారు. కానీ ట్రేడ్‌మార్కు గుర్తు కంపెనీ ఈమెయిళ్లలో కనపడుతుంది. అలాంటి చోట వస్తువు పేరు మధ్యలో లైను విరుగుతుంది. సంచిలో మూడో ఫైలు అదే.

ఎన్‌కోడింగ్ దగ్గర, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి దగ్గర, వచ్చే తప్పు ఇంకా పెద్దది. థార్న్ పాత విండోస్ పద్ధతిలో ఒక బైటు, యూటీఎఫ్-8లో రెండు బైట్లు. పాత పద్ధతిలో దాచిన ఫైలుని యూటీఎఫ్-8 అని చెప్పి లోడ్ చేస్తే, టూల్ ఆ గుర్తునే పోల్చుకోలేక వరుస మొత్తాన్ని ఒకే ఫీల్డులో కుక్కుతుంది. ఇది వెంటనే కంటికి కనపడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. దీనికి తిరగబడ్డది ప్రమాదం: తెలుగు, చైనీస్ లాంటివి ఉన్న డేటాని పాత పద్ధతిలో సేవ్ చేస్తే ఆ అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. అవి మళ్లీ అక్షరాలు కావు, మూలం నుంచి ఎక్స్‌పోర్టు తిరిగి తీయాల్సిందే. ఇక ఆప్ట్ ఫైల్లో పేజీకొక వరుస, వరుసకి ఏడు గళ్లు. పత్రం మొదటి పేజీ దగ్గర నాలుగో గడిలో వై అనే అక్షరం ఉండాలి. అది ఒక్కచోట పోయిందంటే రెండు పత్రాలు అతుక్కుపోయి, రెండోదాని పేజీలు మొదటిదాని తోక అవుతాయి. పంపేముందు వై అక్షరాలను లెక్కపెట్టి, డాట్ ఫైల్లో ఇమేజీలున్న పత్రాల సంఖ్యతో పోల్చడానికి అర నిమిషం చాలు.

రివ్యూలో ఉన్నవాళ్లు చట్టం తమకు తెలుసు కదా, టెక్నాలజీ నేర్చుకుంటే చాలనుకుంటారు. చట్టం కూడా కదులుతూనే ఉంటుంది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాల్లోకి ఎలక్ట్రానిక్ సమాచారం 2006 డిసెంబరులో వచ్చింది. దానికి ముందు 2003, 2004ల్లో జుబులేక్ కేసులో న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఇచ్చిన ఆదేశాలు చదివితే, పాత బ్యాకప్ టేపుల ఖర్చు ఎవరు భరించాలి, దావా వస్తుందని తెలిశాక ఫైళ్లు చెరిపేస్తే ఏమవుతుంది అన్నవి అర్థమవుతాయి. 2008లో వచ్చిన సాక్ష్య నియమం 502 మా పనికి నేరుగా తగులుతుంది. లాయరుకీ క్లయింటుకీ మధ్య నడిచిన రహస్య ఉత్తరం పొరపాటున వెళ్లిపోతే, కోర్టు ఉత్తర్వు ఉన్నప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. న్యాయవాది ఆ హక్కు వాడాలంటే మా డేటాబేసులో ఆ పత్రం ఏ వాల్యూములో (పంపిన విడతలో), ఏ బేట్స్ నంబరుతో (పేజీకి వేసే నంబరు) వెళ్లిందో నిమిషాల్లో తేలాలి. దాని స్థానంలో పెట్టే ఖాళీ పేజీ అదే నంబరుతో సిద్ధం కావాలి, టెక్స్టు ఫైలూ మారాలి. నియమం చదివినప్పుడే ఈ మూడు పనులూ నా చెక్‌లిస్టులోకి వచ్చాయి.

ప్రాసెసింగ్‌కి (వచ్చిన ఫైళ్లను విప్పి, వడకట్టి రివ్యూకి సిద్ధం చేసే పని) మారాక నేర్చుకున్నది లెక్క అప్పజెప్పడం. ఉదాహరణకి 2,40,000 ఫైళ్లు వచ్చాయనుకుందాం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చే, తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల జాబితాతో పోల్చి తీసేసిన సిస్టమ్ ఫైళ్లు 31,000. డూప్లికేట్లు 88,000. తేదీల పరిధి దాటినవి 46,000. తెరుచుకోనివి 1,200. రివ్యూకి 73,800 చేరాలి. ఒక్క ఫైలు తేడా వచ్చినా ఎక్కడ పోయిందో చెప్పగలగాలి. తేడా ఎక్కువగా వచ్చేది జిప్, పీఎస్‌టీ (అవుట్‌లుక్ ఈమెయిళ్ల మూట) లాంటి డబ్బా ఫైళ్ల దగ్గర. విప్పకముందు ఒకటి, విప్పాక వెయ్యి. డబ్బాను కూడా ఫైలుగా లెక్కించారా లేదా అన్నది టూల్‌ని బట్టి మారుతుంది. అందుకే సంచిలో సరిగ్గా ఏడు ఫైళ్లున్న జిప్, దానిలో మూడు ఫైళ్లున్న ఇంకో జిప్ పెట్టాను. టూల్ ఏ అంకె చూపిస్తుందో చూస్తే దాని లెక్క పద్ధతి తెలిసిపోతుంది.

డూప్లికేట్ల దగ్గర ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. విడి ఫైలుకి ఎండీ5 హ్యాష్ 32 అక్షరాలు, ఏ టూల్‌తో తీసినా ఒకటే వస్తుంది. ఈమెయిల్‌కి అలా కాదు. పంపినవారు, అందుకున్నవారు, సబ్జెక్టు, సమయం, బాడీ, అటాచ్‌మెంట్లు కలిపి ఒక్కో టూల్ ఒక్కో వరుసలో హ్యాష్ కడుతుంది. రెండు వెండర్ల నుంచి వచ్చిన ఈమెయిల్ హ్యాష్‌లను పక్కపక్కన పెట్టి డూప్లికేట్లు లేవని తేల్చేస్తే అది తప్పుడు మాట. రెండు సెట్లనూ ఒకే టూల్‌లో, ఒకే సెట్టింగుతో మళ్లీ ప్రాసెస్ చేయాలి.

టైమ్ జోన్ ఇంకొకటి. హైదరాబాదులో జనవరి 1 తెల్లవారుజామున 2 గంటలకు వెళ్లిన ఈమెయిలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) డిసెంబరు 31 రాత్రి 8:30, న్యూయార్కులో డిసెంబరు 31 మధ్యాహ్నం 3:30. కోర్టు ఉత్తర్వు జనవరి 1 నుంచి అని ఉంటే, ఈ ఈమెయిలు ఉంటుందా పోతుందా అన్నది ప్రాసెసింగ్ మొదట్లో ఎంచుకునే ఒక్క సెట్టింగు మీద ఉంది. ఆ సెట్టింగు తర్వాత మార్చాలంటే తిరిగి ప్రాసెస్ చేయాల్సి రావచ్చు. అందుకే న్యాయవాదుల నుంచి రాతపూర్వకంగా ముందే అడిగి తీసుకుంటాను.

మన భాష డేటాలోకి వచ్చినప్పుడు తెలుగువాళ్లం చేయగలిగింది చాలా ఉంది. దీనిమీద నేను ఖర్చుపెట్టినంత సమయం మరి దేనిమీదా పెట్టలేదు. అమెరికా కంపెనీకి ఇక్కడ శాఖ ఉంటే ఇక్కడి ఉద్యోగుల ఈమెయిళ్లు, చాట్లు కూడా డిస్కవరీలోకి వస్తాయి. అందులో తెలుగు మూడు వేషాల్లో ఉంటుంది. మొదటిది అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినది. స్క్రీను మీద చక్కటి తెలుగు కనపడుతుంది, లోపల నిల్వ ఉన్నది లాటిన్ అక్షరాలు, గుర్తులు. టెక్స్టు తీస్తే చెత్తలా ఉంటుంది, కీవర్డు వెతుకులాటకి ఒక్కటీ దొరకదు, టూల్ ఎలాంటి లోపమూ చూపించదు. ముందు ఫైల్లో వాడిన ఫాంటు పేర్ల జాబితా తీసి, ఆ ఫైళ్లను విడిగా పెట్టి, యూనికోడ్‌కి మార్చి, మార్చినదాన్ని ఒక మనిషి మూలంతో పోల్చి చదవాలి. ఒత్తులు, వట్రసుడి దగ్గర మార్పిడి తప్పులు వస్తుంటాయి.

రెండోది యూనికోడ్ తెలుగు. ఇది సులువనుకుంటాం. సాఫ్ట్‌వేర్ అనే మాటని తీసుకోండి. ట కింద వ ఒత్తుగా పడకుండా ఆపడానికి మధ్యలో కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు దానితో టైపు చేస్తారు, కొందరు లేకుండా. కంటికి ఇంచుమించు ఒకటే, కంప్యూటరుకి రెండు వేర్వేరు మాటలు. రెండు రకాలూ సంచిలో పెట్టి, ఒకదాన్ని వెతికితే రెండోది దొరుకుతుందో లేదో ప్రతి ఇండెక్సు (వెతకడానికి టూల్ కట్టుకునే మాటల పట్టిక) మీదా చూస్తాను. ఇక విభక్తులు, సంధులు. ఒప్పందం అని వెతికితే ఒప్పందాన్ని, ఒప్పందానికి, ఒప్పందాలు జారిపోతాయి. సున్నా తీసేసి ఒప్పంద* అని ఇవ్వాలి, ఆ నక్షత్రం గుర్తుకి తర్వాత ఏమున్నా సరే అని అర్థం. డబ్బు* అని ఇస్తే డబ్బులు దొరుకుతుంది, డబ్బిచ్చాడు దొరకదు, ఎందుకంటే సంధిలో ఉకారం పోయింది. డబ్బ* అని ఇస్తే అదీ దొరుకుతుంది, వెంట డబ్బా కూడా వస్తుంది. అదనంగా వచ్చినవాటిని చదివి తీసేయవచ్చు. జారిపోయినవి ఉన్నాయనే ఎవరికీ తెలియదు. కాబట్టి కొంచెం ఎక్కువ రావడం వైపే మొగ్గుతాను.

మూడోది ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. వాట్సాప్ చాట్లలో చాలావరకు ఇదే. డబ్బులు అన్న ఒక్క మాటనే మనవాళ్లు ఒక బీతో, రెండు బీలతో, చివర యూతో, ఓతో, అసలు అచ్చు లేకుండా రాస్తారు. ఊహించి జాబితా రాస్తే చాలదు. డేటాలో ఉన్న మాటలన్నిటి జాబితాని తరచుదనంతో సహా ఎక్స్‌పోర్టు చేసి, ఇంగ్లిషు నిఘంటువులో ఉన్నవి తీసేసి, మిగిలినవాటిని కళ్లతో చదవడమే నాకు పనిచేసిన దారి. రెండు పూటలు పడుతుంది. భాష గుర్తించే సాఫ్ట్‌వేరు ఈ చాట్లకు ఏ పేరు పెడుతుందో చెప్పలేం కాబట్టి, భాష ఫీల్డు చూసి తెలుగు పత్రాలు లేవని రివ్యూ బృందానికి ఎప్పుడూ చెప్పకండి.

ప్రొడక్షన్‌లో (ఎదుటి పక్షానికి పత్రాలు పంపే దశ) ఒకే ఒక్క విషయం చెబుతాను, రిడాక్షన్, అంటే చూపకూడని భాగాన్ని కప్పడం. పేజీ మీద నల్లటి పెట్టె పెడితే బొమ్మ మాత్రమే కప్పబడుతుంది. దాని వెనుక ఇంకా మూడు చోట్ల ఆ సమాచారం ఉంటుంది: టెక్స్టు ఫైలు, మూల ఫైలు, మెటాడేటా ఫీల్డులు (సబ్జెక్టు, తేదీ లాంటి వివరాల గళ్లు). సబ్జెక్టు లైన్లో ఉన్న ఖాతా నంబరుని పేజీ మీద కప్పి, డాట్ ఫైల్లో సబ్జెక్టు ఫీల్డుని అలాగే పంపడం తరచుగా జరిగే తప్పు. రిడాక్షన్ ఉన్న పత్రాలన్నిటికీ పెట్టె వేసిన ఇమేజీ నుంచి కొత్తగా ఓసీఆర్ తీసి (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా చదివించి) టెక్స్టు మార్చాలి, మూల ఫైలు ఆపాలి, సబ్జెక్టు, ఫైలు పేరు ఫీల్డులు చూడాలి. చివరగా ఎక్స్‌పోర్టు అయిన ఫోల్డరులోనే, డేటాబేసులో కాదు, కప్పిన మాటల కోసం వెతకాలి.

2012లో డా సిల్వా మూర్ కేసులో న్యాయమూర్తి ఆండ్రూ పెక్ కంప్యూటర్ సాయంతో చేసే రివ్యూని అంగీకరించారు. కాలేజీలో వదిలేసిన గణాంకశాస్త్రం మళ్లీ పట్టుకోవాల్సిన అవసరం నాకు అక్కడ వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. కంప్యూటరు పక్కన పెట్టమన్నవి లక్ష పత్రాలు. వాటి నుంచి యాదృచ్ఛికంగా 1,500 తీసి మనుషులు చదివితే 15 సంబంధిత పత్రాలు దొరికాయి, అంటే 1 శాతం. పక్కన పెట్టినవాటిలో సుమారు 1,000 మిగిలిపోయాయి. దొరికినవి 9,000 అయితే రికాల్, అంటే మొత్తం సంబంధిత పత్రాల్లో దొరికినవాటి వాటా, 90 శాతం. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. 1,500లో 15 అన్నది ఒక శాంపిలు. 95 శాతం విశ్వాసంతో చెబితే అసలు శాతం దాదాపు 0.56 నుంచి 1.64 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అప్పుడు మిగిలినవి 560 నుంచి 1,640, రికాల్ 85 నుంచి 94. న్యాయవాదికి ఆ పరిధినే రాసివ్వాలి. ఒక్క అంకె ఇచ్చి, ఎదుటి పక్షం నిపుణుడు పరిధి అడిగినప్పుడు వెతుక్కోవడం మన క్లయింటుకి చేటు. దీనికి పెద్ద కోర్సు అక్కర్లేదు. శాంపిలు, విశ్వాస పరిధి అనే రెండు అధ్యాయాలు కాగితం మీద లెక్కలు చేస్తూ చదివితే సరిపోతుంది. నాకు ఉదయం గంట చొప్పున ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాతి ఏడాది అదే గంటలో ఎస్‌క్యూఎల్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, కొంచెం పైథాన్ నేర్చుకున్నాను. ఏడాదికి ఒక విషయమే పెట్టుకుంటాను. అది వచ్చినట్టు గుర్తు ఏమిటంటే, దానికి సంబంధించిన కనీసం పది కొత్త తప్పులు నా సంచిలో చేరాలి.

ఈ చదువు భారతీయ కేసులకూ పనికొస్తోంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు పెట్టే, పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ గురించి సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 అమల్లో ఉంది. దాని షెడ్యూలులోని సర్టిఫికెట్‌కి ఏ, బీ అని రెండు భాగాలు. ఏ భాగం పక్షం, బీ భాగం నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీశారో రాయాలి. ఫోను నుంచి వీడియోని వాట్సాప్‌లో లాయరుకి పంపి, అక్కడ దిగిన కాపీకి హ్యాష్ తీస్తే కుదరదు, ఎందుకంటే వాట్సాప్ మామూలుగా పంపిన వీడియోని కుదించి కొత్త ఫైలు చేస్తుంది, మూలం హ్యాష్‌తో అది కలవదు. కేబులుతో కాపీ చేసి, రెండు చోట్లా ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ తీసి, 64 అక్షరాలూ పోల్చాక సర్టిఫికెట్‌లో పెట్టమని తెలిసిన జూనియర్ న్యాయవాదులకు చెబుతుంటాను.

ఇప్పుడు ఏఐ. 2023 జూన్‌లో న్యూయార్కులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో లేని తీర్పులను ఉన్నట్టు చూపిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. రివ్యూలో తీర్పులు వెతకం గానీ, అడిగినదానికి ఏదో ఒక జవాబు నమ్మకంగా చెప్పే గుణం ఇక్కడా ఉంటుంది. అందుకే పత్రం సంబంధితమా అని మాత్రమే అడగను. కారణం అయిన వాక్యాన్ని పత్రంలో ఉన్నది ఉన్నట్టు చూపించమంటాను, ఆ వాక్యం నిజంగా అందులో ఉందో లేదో చిన్న స్క్రిప్టుతో పోల్చి చూస్తాను. లేకపోతే ఆ పత్రం నేరుగా మనిషి దగ్గరికి వెళ్తుంది. ప్రాంప్టు (ఏఐకి రాసిచ్చే ఆదేశం) దిద్దడానికి వాడిన పత్రాలతోనే ఫలితం కొలవకూడదు. 400 పత్రాలు మనుషులతో చదివించి, 100తో ప్రాంప్టు దిద్ది, మిగతా 300ని ముట్టుకోకుండా పెట్టి, చివర ఒక్కసారి కొలుస్తాను. ప్రాంప్టులో ఒక్క మాట మార్చినా పాత కొలత చెల్లదు, కాబట్టి ప్రాంప్టుకీ వెర్షన్ నంబరు, తేదీ వేస్తాను.

సంచిలో చివరగా చేరిన పద్నాలుగు ఫైళ్లూ దీనికోసమే. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు చాట్లు. ఒకదానిలో ఒకాయన, ఆ ఫైలు సంగతి చూసుకోమన్నారు అంటాడు. సందర్భాన్ని బట్టి అది మామూలు పని పురమాయింపు కావచ్చు, చెరిపేయమన్న సూచన కావచ్చు. పై రెండు సందేశాలు చదివితేనే తేలుతుంది. ఆ రెండు సందేశాలు ముందు రోజువి, చాట్‌ని 24 గంటల ముక్కలుగా కోసినప్పుడు వేరే పత్రంలోకి వెళ్లిపోతాయి. ఏఐకి ఒక ముక్కే ఇస్తే ఏం చెబుతుంది, రెండూ కలిపి ఇస్తే ఏం చెబుతుంది అని రెండు వరుసలు షీటులో రాసి పెట్టాను. జరగాల్సింది ఏమిటో చివరి గడిలో నింపాను. ఈ వారాంతం నడపాలి.